కీలు మారింది, తొడ మారలేదు

మోకీలు మార్పిడి చేయించుకున్న మనిషి ఇంట్లోనో గుడి మెట్ల మీదనో కూలబడితే, మొదట కొత్త కీలునే అనుమానిస్తాం. ఎక్స్‌రే తీస్తే అది పెట్టినచోట పెట్టినట్టే ఉంటుంది. చాలా సందర్భాల్లో పట్టు తప్పింది కీలు కాదు, దాన్ని నిలబెట్టాల్సిన తొడ. శస్త్రచికిత్స గొప్పదనం గురించి మాట్లాడినంతగా ఈ ప్రమాదం గురించి మాట్లాడకపోవడం ఆందోళన కలిగించే విషయం.

తొడ ముందువైపు నాలుగు పాయల కండరం ఉంటుంది. మోకాలిచిప్ప మీదుగా వెళ్లి కాలిని చాపేది, దిగేటప్పుడు ఒంటి బరువును ఆపేది అదే. అరిగిన మోకాలితో ఏళ్ల తరబడి కుంటినవారిలో అది ఆపరేషన్‌కు ముందే చిక్కిపోయి ఉంటుంది. ఆపైన కోత, వాపు, నొప్పి. కీలులో నీరు చేరితే, కండరానికి దెబ్బ తగలకపోయినా, దానికి అందాల్సిన ఆదేశాలను నాడీ వ్యవస్థే తగ్గించేస్తుంది. రోగి ఎంత బిగించినా తొడ బిగుసుకోదు. సోమరితనమని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. అది సోమరితనం కాదు. ఆపరేషన్ జరిగిన నెలకు ఈ కండరం బలం, అంతకుముందు ఉన్నదానిలో సగానికి పైగా పడిపోవచ్చని పరిశోధనలు తేల్చాయి. తగిన వ్యాయామం లేకపోతే ఆ లోటు ఏళ్ల తరబడి మిగిలిపోతుంది.

ఇంకో సంగతి రోగులకు చెప్పేవారు తక్కువ. ఎక్కువ రకాల మోకీలు మార్పిడిలో కీలు మధ్యలోని ముందు స్నాయువును తీసేస్తారు, కొన్నింటిలో వెనకదానినీ తీసేస్తారు. మిగిలిన పట్టు కృత్రిమ కీలు ఆకారం మీద, పక్క స్నాయువుల మీద, కండరాల మీద ఆధారపడుతుంది. తొడ నీరసిస్తే మెట్లు దిగుతున్నప్పుడు, కుర్చీలోంచి లేస్తున్నప్పుడు మోకాలు చటుక్కున ముడుచుకుపోతుంది. ఆ పడటంలో కృత్రిమ కీలు చుట్టూ ఎముక విరిగితే, దాన్ని అతికించడం మొదటి ఆపరేషన్ కంటే కష్టం.

శ్రీకాకుళం జిల్లా అరసవల్లిలో ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి. సూర్యనారాయణ స్వామిని ఆరోగ్యప్రదాతగా కొలిచే క్షేత్రమిది. ఆపరేషన్ బాగా జరిగితే దర్శనానికి వస్తామని, సూర్య నమస్కారాలు చేయిస్తామని మొక్కుకునేవారు ఉంటారు. మొక్కు తీర్చుకోవడానికి తొందరపడితేనే ముప్పు. ఆదివారం రద్దీలోనో రథసప్తమి క్యూలోనో గంటల తరబడి నిలబడటం, తడి నేల మీద ఉత్త కాళ్లతో నడవటం, వెనకనుంచి తోపులాట... బలం పుంజుకోని తొడకు ఇవన్నీ పరీక్షలే. స్వామి ఎక్కడికీ పోడు, మొక్కు కొన్ని నెలలు ఆగొచ్చు. వృద్ధులకు ప్రత్యేక వరుస, పట్టుకోవడానికి కమ్మీలు, నీరు నిలవని నేల ఉండేలా చూడటం ఆలయ యంత్రాంగానికి తలకు మించిన పనేమీ కాదు.

2000, 2001 సంవత్సరాల్లో ప్రధాని వాజ్‌పేయి రెండు మోకాళ్లకూ ముంబయి బ్రీచ్ కాండీ ఆసుపత్రిలో డాక్టర్ చిత్తరంజన్ రణావత్ చేతుల మీదుగా ఈ చికిత్స జరిగాక, దాని పేరు ఊరూరా తెలిసింది. 2017 ఆగస్టులో కేంద్రం ధరలకు కళ్లెం వేసి, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం కీలు గరిష్ఠ ధరను, పన్ను కాకుండా, 54,720 రూపాయలుగా నిర్ణయించింది. మంచి పనే. అయితే ప్రధాని పక్కన నిలబడి అడుగులు వేయించేవారికి కొదవుండదు. నాట్లు వేసి, జీడిపిక్కలు కొట్టి మోకాళ్లు అరగదీసుకున్న పలాస ఆడమనిషికి ఎవరున్నారు? విశాఖలో ఆపరేషన్ చేయించుకుని నూట యాభై కిలోమీటర్లకు పైగా వెనక్కి వచ్చాక ఆమె చేతిలో మిగిలేది మందుల చీటీ, వ్యాయామాల బొమ్మలున్న ఒక కాగితం. ఆటో ఖర్చుకే వెనకాడే ఇంట్లో, ఫిజియోథెరపీ వారం తిరక్కుండానే ఆగిపోతుంది.

నొప్పి తట్టుకోలేక కసరత్తు మానేయడం ఒక ప్రమాదం. కసరత్తు చేయడానికని దుకాణంలో నొప్పి మాత్రలు కొని నెలల తరబడి మింగి కిడ్నీలను పాడుచేసుకోవడం ఇంకో ప్రమాదం. ఉద్దానం కిడ్నీ వ్యాధి వేదన చూసిన జిల్లాకు ఈ రెండోది వేరే చెప్పనక్కర్లేదు. మాత్ర ఏదైనా వైద్యుడే రాయాలి.

పడుకుని మోకాలు వంచకుండా కాలు పైకెత్తగలగడం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవగలగడం చిన్న పరీక్షల్లా కనిపిస్తాయి. తొడ ఎంత కోలుకుందో చెప్పేవి అవే. కాలు పదేపదే మడతపడుతున్నా, వాపు, జ్వరం, కొత్త నొప్పి వచ్చినా కండరం బలహీనతేనని సరిపెట్టుకోకూడదు. స్నాయువులు వదులవడం, కీలు కదలడం, చీము పట్టడం కూడా ఉంటాయి. వెంటనే ఆపరేషన్ చేసిన వైద్యుడికే చూపించాలి. మోకాలి కింద దిండు పెట్టి రోజంతా పడుకోబెట్టడం ప్రేమతో చేసే పొరపాటు. కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది.

ఆసుపత్రులు చేయాల్సింది ఆపరేషన్‌కు వారాల ముందే మొదలవుతుంది. కోతకు ముందే తొడను బలపరచడం నేర్పాలి. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీలో కీలు ఎంత వంగిందన్నదే కాదు, తొడ బలం ఎంతో కూడా రాయాలి. 2021లో అనుబంధ వైద్య వృత్తుల చట్టం ఫిజియోథెరపిస్టులకు చట్టబద్ధ గుర్తింపునిచ్చింది. ఆ వృత్తివారిని మండల స్థాయి ఆసుపత్రి దాకా తీసుకురావడం రాష్ట్ర ప్రభుత్వం వంతు. ఆరోగ్య పథకమైనా, ప్రైవేటు బీమా అయినా మోకీలు మార్పిడికి చెల్లించే మొత్తంలో కనీసం మూడు నెలల ఫిజియోథెరపీని విడదీయరాని భాగం చేయాలి. అది పూర్తయిందని తేలాకే ఆసుపత్రికి చివరి వాయిదా విడుదల చేయాలి.