మునగాకు రసం చల్లితే పాలకూరకు ఇనుము వస్తుందా?

మునగాకు రసం చల్లిన పాలకూరలో ఇనుము ఎక్కువని, దశపర్ణి కషాయం కొట్టిన వంకాయ ఒంటికి బలమని చెప్పి కూరగాయలు అమ్ముతున్నారు. నమ్మేవాళ్లూ ఉన్నారు. నమ్మే ముందు ఒక లెక్క వేసి చూడాలి.

వంద గ్రాముల పచ్చి మునగాకులో ఇనుము సుమారు 4 మిల్లీగ్రాములు. ఎకరంలో చల్లడానికి పది కిలోలు దంచి పిండితే, పిప్పిలో ఏమీ మిగలకుండా అంతా రసంలోకి దిగిందనుకున్నా 400 మిల్లీగ్రాములు. ఎకరానికి నాలుగు టన్నుల పాలకూర వస్తుందనుకుందాం. ఒక్క చుక్క నేలపాలు కాకుండా అంతా ఆకే పీల్చుకున్నా కిలోకు పెరిగేది 0.1 మిల్లీగ్రాము. ఈ రసం ఊసే లేని కిలో పాలకూరలో 30 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉంటుంది. ఇనుము మూలకం, ఏ మొక్కా దాన్ని పుట్టించలేదు. బయటి నుంచి, ముఖ్యంగా వేరుతో నేలలోంచి, తోడుకోవాల్సిందే. ఈ ప్రచారం విని ఒక గర్భిణి ఐరన్ మాత్ర మానేస్తే ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

మునగాకులో జియాటిన్ అనే పెరుగుదల హార్మోను ఉన్న మాట నిజమే. దానివల్ల మొక్క ఏపుగా ఎదగొచ్చు. విటమిన్ సి లాంటివి మొక్క తనే తయారు చేసుకుంటుంది కాబట్టి వాటిలో మార్పు రావచ్చు కూడా. కానీ ఏపుగా పెరిగితే పోషకం పెరిగినట్టు కాదు. అమెరికాలో డొనాల్డ్ డేవిస్ బృందం 43 తోట పంటల 1950, 1999 నాటి లెక్కలు పోల్చి 2004లో ప్రచురించింది. ప్రొటీన్, కాల్షియం, ఇనుము, విటమిన్ సి సహా ఆరు పోషకాలు తగ్గాయి. దిగుబడి కోసం రకాలు మార్చుకుంటూ పోవడమే దీనికి కారణమై ఉండొచ్చని వాళ్లు భావించారు.

ఇక దశపర్ణి. వేప, కానుగలతో పాటు ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం ఆకులు కూడా అందులో నానబెడతారు. గొడ్డు మూతి పెట్టని ఆకులను ఏరి కలిపేది పురుగును ఆపడానికి. రేపు కోయబోయే తోటకూర మీద అది పడితే బలమెలా అవుతుంది? పురుగుమందుల అప్పు తప్పించుకోవడానికి కషాయం కాచుకునే రైతు మీద నాకు గౌరవమే. అభ్యంతరమల్లా దానికి లేని పోషకాల పేరు తగిలించడం మీదే.

ఇదంతా వృక్షాయుర్వేదమనే పాత గ్రంథంలో రాసి ఉందనేవాళ్లు వై.ఎల్. నెనె గురించి తెలుసుకోవాలి. వరికొచ్చే ఖైరా తెగులుకు జింకు లోపమే కారణమని 1966లో పంత్‌నగర్‌లో తేల్చిన శాస్త్రవేత్త ఆయన. జింక్ సల్ఫేటుతో పైరు తేరుకుంది. తర్వాత సికింద్రాబాద్‌లో సంస్థ పెట్టి, సురపాలుడి వృక్షాయుర్వేదాన్ని ఇంగ్లీషు అనువాదంతో వెలువరించిందీ ఆయనే. పాత పుస్తకం మీద ప్రేమ ఉన్నవాడికి ప్రయోగం అడ్డు రాలేదు.

కషాయాన్ని పరీక్షించడం కష్టమేమీ కాదు. ఒకే మడిలో సగం సాళ్లకు కషాయం, మిగతా సగానికి ఉత్త నీళ్లు చల్లాలి. ఏ సంచి ఏదో చెప్పకుండా రెండూ ల్యాబ్‌కు పంపి, ఎండబెట్టిన బరువు మీద ఇనుము, జింకు కొలిపించాలి. రెండు మూడు పంటలకు అదే తేడా కనిపిస్తే, ఆ కాగితం చూపించి అడిగిన ధర నేను సంతోషంగా ఇస్తాను.