గాజుముక్క మీద గరుకు కాగితం

నాన్నగారి జనతా వాచీని రాయవరంలో రిపేర్లు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. హెచ్.ఎం.టి. వారిది, కీ ఇచ్చే వాచీ, 17 జ్యుయల్స్. వెనక మూత తీస్తే కీ పక్కన ఉండే ఉక్కు స్ప్రింగు మీద తుప్పు చుక్కలు. చెమట కీ సందులోంచి దిగితే మన ఉక్కపోతలో జరిగేదే ఇది. ఆయన స్ప్రింగు ఊడదీసి, గరుకు కాగితం ముక్క మడిచి, వేలితో అదిమి నాలుగు రుద్దులు రుద్దారు. తుప్పు పోయింది. అంచులూ గుండ్రంగా అరిగిపోయాయి. "లోపలిదే కదండీ, ఎవరు చూస్తారు?" అన్నారు. వాచీ మాత్రం శుభ్రంగా నడుస్తోంది.

స్విట్జర్లాండులో ఈ ప్రశ్నకు జవాబు వేరు. జెనీవాలో 1886 నుంచే చట్టప్రకారం ఒక ముద్ర ఉంది. అది పడాలంటే మూత కింద దాగిన భాగాలకూ మెరుగు ఉండాలి. జూ లోయలో పనిచేసే ఫిలిప్ డ్యుఫూర్ పేరు గడియారాల లోకమంతా తెలుసు. ఆయన ఉక్కు అంచులకు నునుపు తెచ్చేది కొండల్లో పెరిగే జెన్షియన్ అనే మొక్క ఎండుకాడతో. కాడ ముక్కను కావలసిన ఆకారానికి చెక్కి, చివర వజ్రపు పొడి ముద్ద రాస్తారు. ఖరీదైన యంత్రాలున్న దేశంలో కొండపుల్ల కూడా గౌరవం గల పనిముట్టే! ఈ గడియారాల పనితనాన్ని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

మనకు పుల్లలు కరువా? ఈనెపుల్లలు, వెదురు చీలికలు, భాసికాలకు వాడే జీలుగు బెండు అన్నీ చేతికందేవే. సొంతంగా పనిముట్లు చేసుకోవడమూ మన కంసాలులకు తెలిసిన విద్యే. 1930లలో పక్కనే రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నంగారు స్వదేశీ కలాలు చేతిపనితోనే తయారుచేశారు. తేడా ఎక్కడంటే, చేత్తో చేసుకున్న పనిముట్టును మనం సర్దుబాటుగా చూస్తాం, వాళ్లు కొలత ప్రకారం చేసి దాచుకుంటారు.

ఆ కొలతల్లో మొదటిది సాపు. వేలు మెత్తన కాబట్టి కాగితం వంగి అంచుల్ని తినేస్తుంది. స్విట్జర్లాండులో కాగితాన్ని గట్టి పట్టీకి అంటిస్తారు. నేను అద్దాలు కోసే షాపులో మిగిలిన గాజుముక్కల్ని వేలెడు పొడవున కోయించి, రెండువైపులా అంటుకునే టేపుతో వాటర్ పేపర్ అతికించాను. ఇవే నా పుల్లలు. కార్లకు రంగులు వేసేవాళ్లు వాడేదే, 400, 1000, 2000 నంబర్లు. 400లో రేణువు సుమారు 35 మైక్రాన్లు, 1000లో 18, 2000లో 10. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు.

ఒక నంబరుకు ఒక పుల్ల, కలపకూడదు. 400 రేణువు ఒక్కటి 2000 పుల్ల మీద చిక్కుకుంటే చాలు, చేసిన పనంతా గీతలపాలు. ఒక చుక్క నూనె వేసి ఒకే దిక్కుకు రుద్దాలి. నంబరు మార్చినప్పుడు దిక్కు కూడా అడ్డంగా మార్చాలి. పాత గీతలు కొత్తవాటికి అడ్డంగా పడి ఉంటాయి కాబట్టి అవి ఎప్పుడు మాయమయ్యాయో భూతద్దంలో తెలిసిపోతుంది. కంటికి లెక్క అప్పగించే పద్ధతి ఇది, నాకు అన్నిటికన్నా నచ్చిందీ ఇదే. చివర భాగాన్ని పెట్రోలులో కడిగాకే వాచీలోకి ఎక్కించాలి. లేకపోతే మెరుగు పెట్టిన పొడే చక్రాల్ని అరగదీస్తుంది.

1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీలు మొదలయ్యాయి. తరవాత హైదరాబాదులో ఆల్విన్ కూడా సీకోతో కలిసి చేసింది. ఫ్యాక్టరీ బల్ల మీది ఇలాంటి చిన్న మెళకువలు తెలుగులో రాసి ఊళ్లలోని రిపేరు బల్లల దాకా చేర్చి ఉంటే బాగుండేది. ఇప్పటికీ చేర్చవచ్చు. నాలుగు పేజీలు చాలు.

నా పుల్లలు మూడూ ఆ పెద్దాయనకు ఇచ్చాను. గాజును అటూ ఇటూ తిప్పి చూసి, "కింద పడితే పగులుద్దండీ. ఇత్తడి పట్టీ అయితే నయం" అన్నారు. వారం తరవాత వెళ్తే బల్ల మీద మూడు ఇత్తడి పట్టీలున్నాయి. గాజు పలక మీద వాటర్ పేపర్ పరిచి, పట్టీల్ని దానిమీదే రుద్ది సాపు చేశారట. చివర్లలో మేకుతో గీసిన నంబర్లు. 2000 పట్టీ మాత్రం విడిగా, మూతున్న డబ్బాలో ఉంది.