ఊపిరితిత్తుల మార్పిడి: డాక్టరు మాట రోగిదాకా తెలుగులో చేరాల

కేజీఎఫ్ గనుల్లో దిగిన మన తాతల తరంలో దగ్గూ ఆయాసమూ ఇంటింటి సంగతే. రాతి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడేవి. సిలికోసిస్ అనే పేరు ఆస్పత్రి కాగితాల్లో ఉండేదేమో గానీ, ఇంట్లో దానికి దగ్గు తప్ప వేరే పేరు లేదు. నిర్ణయించుకోవడానికీ ఏమీ లేదు. గనులు 2001లో మూతపడినాయి. ఇప్పుడు మన ఇళ్లలోకి ఊపిరితిత్తుల జబ్బు ఫైబ్రోసిస్ అనో, సీవోపీడీ అనో వస్తోంది. దాంతోపాటు తాతలకు ఎవరూ వెయ్యని ప్రశ్న ఒకటి వస్తోంది: మార్పిడి చేయించుకుంటారా?

మా చుట్టాల్లో ఇద్దరికి ఈ ప్రశ్న ఎదురైంది. ఒకరు సరే అన్నారు, ఒకరు వద్దన్నారు. ఇద్దరి నిర్ణయాన్నీ నేను తప్పు పట్టను. నా బాధంతా ఆ ప్రశ్న వాళ్లదాకా చేరిన తీరు గురించే.

బెంగుళూరులో పెద్ద డాక్టరు ఇంగ్లీషులో చెప్తాడు, నర్సు కన్నడంలో చెప్తుంది. మన పెద్దవాళ్లు సంతలో కన్నడం, పక్కింట్లో తమిళం బ్రహ్మాండంగా మాట్లాడేస్తారు. కానీ చావు బతుకుల లెక్క విని అర్థం చేసుకునేది తెలుగులోనే. ఆ తెలుగు ఎవరి నోట వస్తుంది? కొడుకు నోటనో, కోడలి నోటనో. ఇరవై నిమిషాలు డాక్టరు చెప్పింది "ఆపరేషన్ చేస్తే అంతా సరిపోతుందంట నాయనా" అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. లేదంటే అసలు చెప్పనే చెప్పరు, వరండాలో నిలబడి అన్నదమ్ములే తేల్చేస్తారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఆయాసం ఎవరిదో, కోత ఎవరికో, ఆ మనిషికి తెలియకుండా జరిగేది నిర్ణయం ఎట్లవుతుంది?

ఆ ఒక్క ముక్కలో జారిపోయేదేమిటో చెప్తాను. ప్రపంచ లెక్కల ప్రకారం మార్పిడి జరిగిన నూరు మందిలో సుమారు 85 మంది ఏడాది దాటుతున్నారు, అయిదేళ్లు దాటేవాళ్లు సగానికి కొంచెం ఎక్కువ. కిడ్నీ మార్పిడి లెక్కలు దీనికన్నా చాలా మెరుగు. మార్పిడి అంటే జబ్బు పోయి ఆరోగ్యం రావడం కాదు, ఒక జబ్బు ఇచ్చి ఇంకొక రకం కాపలా తీసుకోవడం. టాక్రోలిమస్‌లాంటి మందులు బతికున్నన్నాళ్లూ, గడియారం చూసి మింగాల. అవి ఒంట్లో కాపుదలను తగ్గిస్తాయి కాబట్టి టీబీ, ఫంగస్ భయం ఎప్పుడూ ఉంటుంది. షుగరు రావచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఖర్చు ఇరవై లక్షలు దాటేది మామూలే, మందుల ఖర్చు ఆపైన నెలనెలా. ఇవన్నీ విన్నాక కూడా సరే అనేవాళ్లుంటారు. ఆక్సిజన్ పైపు లేకుండా వీధి చివరిదాకా నడిచే రోజు కోసం అంత పందెం కాయడం న్యాయమే. మా బంధువుల్లో సరే అన్నామె అట్లాంటిదే. అంతా విని, ఒకే మాటంది: "ఎన్నేళ్లని కాదు, వంటింట్లో నిలబడగలనా, అది చెప్పండి."

వద్దన్నాయన అడిగింది వేరు: "ఆపరేషనయ్యాక నేను రాబర్ట్‌సన్‌పేటలో ఉండొచ్చా?" మొదటి నెలల్లో ఆస్పత్రికి దగ్గర్లో కాపురం ఉండాల. అసలు పిలుపు కోసం కాచుకునేటప్పుడు కూడా దగ్గర్లోనే ఉండాల, ఎందుకంటే దాత నుంచి తీసిన ఊపిరితిత్తులు మామూలుగా కొన్ని గంటలకు మించి నిలవవు. ఆయన తల ఊపి, ఇంక చాలన్నాడు. చుట్టాలు "ధైర్యం లేదు" అన్నారు. నాకు ఈ మాట అసలు నచ్చలేదు. వద్దంటే వైద్యం ఆపడం కాదు. ఫైబ్రోసిస్‌కు జబ్బును నెమ్మదింపజేసే నింటెడానిబ్, పిర్ఫెనిడోన్ ఉన్నాయి. ఇంట్లో ఆక్సిజన్ ఉంది. ఆయాసానికి కొంచెం మార్ఫిన్ ఇచ్చే పాలియేటివ్ డాక్టర్లున్నారు. ముఖానికి చిన్న ఫ్యాను గాలి తగిలినా ఊపిరి ఆడినట్టుంటుంది. అసలు, మార్పిడి కోసం కాచుకునేవాళ్లకు కూడా ఈ పాలియేటివ్ వైద్యం మొదటినుంచీ అందాల. అది "చివరి రోజుల డాక్టరు" అనే భయం మనవాళ్లకు ఎక్కువ.

ఇంకొకటి, ఆలస్యం. ఆక్సిజన్ మీద మంచం పట్టినాక మార్పిడి మాట ఎత్తుతారు. అప్పటికి కండ కరిగి, కోతకు తట్టుకునే బలం ఉండదు. ఫైబ్రోసిస్ అని తేలినప్పుడే ఆ విషయం తెలిసిన డాక్టరు దగ్గరికి ఒకసారి పోయిరావాల. పోయినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. కాస్త బలంగా ఉన్నప్పుడు విన్న మాట వేరు, ఐసీయూలో విన్న మాట వేరు.

మనలాంటి బయటి తెలుగువాళ్లకు పనికొచ్చే సంగతి: చనిపోయిన దాతల అవయవాల కోసం ఏ రాష్ట్రంలోనైనా పేరు రాయించుకోవచ్చని 2023లో కేంద్రం చెప్పింది. స్థానికుడై ఉండాలనే షరతు తీసేసింది, 65 ఏళ్ల హద్దు కూడా. (వయసు మీదపడినవాళ్లకు సర్జన్లు జంకేది మాత్రం అట్లే ఉంది.) అయినా పంచేటప్పుడు సొంత రాష్ట్రం వాళ్లకు ముందు ఇచ్చే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. కర్ణాటకలో జీవసార్థకతె, తమిళనాడులో ట్రాన్‌స్టాన్, ఆంధ్రా, తెలంగాణల్లో జీవన్‌దాన్ ఈ జాబితాలు చూస్తాయి. హైదరాబాదుకో చెన్నైకో పోదామనుకునేవాళ్లు ఇల్లు అద్దెకు తీసుకునే ముందే ఆస్పత్రి కోఆర్డినేటరును ఈ సంగతి అడగాల.

డాక్టరు గదిలోకి రోగితో పాటు తెలుగు బాగా వచ్చిన, కొడుకూ కూతురూ కాని మనిషి ఒకరు పోతే మేలు. మేనల్లుడు కావచ్చు, రిటైరైన టీచరు కావచ్చు. ఆస్పత్రిలో తెలుగు నర్సు దొరికితే ఇంకా మంచిది, బెంగుళూరులో దొరకడం కష్టమేమీ కాదు. డాక్టరు ఒక్కో మాట చెప్పి ఆగితే, ఈ మనిషి దాన్ని తగ్గించకుండా, పెంచకుండా తెలుగులో చెప్పాల. తర్వాత పెద్దాయన్ను "నీకేమర్థమైంది, నీ మాటల్లో చెప్పు" అని అడగాల. ఆయన చెప్పేదాకా కొడుకులు నోరు మూసుకోని కూర్చోవాల. మా ఇంట్లో ఇదే అన్నిటికన్నా కష్టమైంది.