గాలికి కొలబద్ద

తేలికరాళ్లతో తూచి వర్తకుడు శేరని యిచ్చిన బియ్యమును ఇంటికి దెచ్చి సరియైన రాళ్లతో తూచినచో శేరునకు తక్కువగును. దారిలో బియ్యము తరుగలేదు, మోసము బయటపడినది. మన పట్టణములలోని గాలి విషయమును ఇట్టిదే.

1994 నాటి ప్రమాణముల ప్రకారము, 10 మైక్రానులకు మించని ధూళి సంవత్సరపు సగటున ఘనమీటరు గాలిలో నివాసస్థలములయందు 60 మైక్రోగ్రాములవరకును, పారిశ్రామికస్థలములయందు 120 వరకును ఉండవచ్చును. కర్మాగారపు గోడప్రక్కన కాపురముండు కూలివాని బిడ్డ రెండింతల ధూళిని సహింపగలడని చట్టము తలచినది కాబోలు! 2009 నవంబరులో ఈ భేదము తొలగి, ఇరుతావులకును 60 యే పరిమితి యయ్యెను. 100 మైక్రోగ్రాముల ధూళిగల పేట యొకటి ముందునాడు నిర్దోషి, మరునాడు దోషి. ఈ నడుమ గాలిలో నేమార్పును లేదు.

అప్పుడే, ఊపిరితిత్తుల లోతులకు జొచ్చు 2.5 మైక్రానుల ధూళికి 40 పరిమితిగా నేర్పడెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2005లో దీనికి 10 తగుననెను; 2021లో దానిని 5 కు దించెను. ఒక్కసారిగా అచటికి చేరలేని దేశములకై 35, 25, 15, 10 అని మెట్లును గట్టినది. మన పరిమితి మొదటి మెట్టునైన నందుకొనలేదు. 38 గల పట్టణము మన చట్టమున శుద్ధము. ఆ సంస్థ కొలతకు ఏడురెట్లకు పైగా మలినము.

కఠిన ప్రమాణము వచ్చినచో ఊళ్లన్నియు చెడ్డపేరు మోయుననియు, పరిశ్రమలు కుంటుపడుననియు కొందరందురు. ఒక్కదినమున 5 కు చేరుట అసాధ్యమని మేమును ఒప్పుకొందుము. అందుకే గదా మెట్లు! చేరలేమని కొలబద్దనే పొట్టిచేసికొనుట రోగి జ్వరమానిని దాచుటవంటిది.

నిర్మలమైన గాలి జీవించుహక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పినది. ఆ హక్కునకు హద్దు గీయునది ఈ అంకెయే. జాతీయ శుద్ధవాయు కార్యక్రమము 2019లో నారంభమైనది. ప్రమాణము తప్పిన పట్టణముల పట్టికలో విశాఖపట్టణము, విజయవాడ, హైదరాబాదు చేరినవి. చేరని ఊళ్లవారు సంతోషింపరాదు; ఆ పట్టికను వ్రాసినది పాత కొలబద్దతోనే.

కావున 40 ని 35 కును, పిమ్మట 25 కును దించుటకు గడువులను ప్రభుత్వమువారు చట్టముననే నిర్ణయింపవలెను. పురపాలకసంఘములు ఏనాటి అంకెను ఆనాడే, రెండు కొలతలతోను, పేటపేటను ప్రకటింపవలెను. తాము పీల్చుచున్న దేమో తెలిసినప్పుడే గదా ప్రజలు అడుగుట నేర్చుకొందురు!