లంకను లంకగా అడగాలి

ఒక దేశం స్వతంత్రం కావాలో వద్దో మామూలు సాధారణ ఎన్నికతో తేల్చవచ్చా? మారిషస్‌లో 1967 ఆగస్టు 7న అలాగే తేల్చారు. విడిగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని పీఎంఎస్‌డీ అనే పార్టీ పట్టుబట్టినా బ్రిటన్ ఒప్పుకోలేదు. రామ్‌గులామ్ నాయకత్వంలోని స్వాతంత్ర్య కూటమికి సుమారు 55 శాతం ఓట్లు, 39 సీట్లు వచ్చాయి. బ్రిటన్‌తో బంధం తెంచుకోవద్దన్న పీఎంఎస్‌డీకి సుమారు 44 శాతం ఓట్లు, 23 సీట్లు దక్కాయి. కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటలకు వెళ్లిన మన కూలీల వారసులూ ఆ ఎన్నికల్లో ఓటర్లే. నూటికి 44 మంది వద్దన్నాక అది ప్రజల తీర్పు ఎలా అవుతుందని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. కానీ రెండు పక్షాలూ తమ మాట దాచుకోకుండా చెప్పే ఓట్లడిగాయి. విడిగా ఓటింగ్ పెట్టినా లెక్క పెద్దగా మారేది కాదు. నా అభ్యంతరం వేరు. చిన్న దీవుల గొంతు ఆ లెక్కలో కలిసిపోయింది.

మారిషస్‌కు దాదాపు 600 కిలోమీటర్ల దూరాన ఉన్న రోడ్రిగ్స్ ద్వీపానికి ఓటు హక్కు వచ్చిందే ఆ ఎన్నికల్లో. అక్కడి రెండు సీట్లూ పీఎంఎస్‌డీ గెలిచింది. అంటే ఆ దీవి స్పష్టంగా వద్దంది, అయినా 1968 మార్చి 12న పెద్ద దీవి వెంటే నడవాల్సి వచ్చింది. సొంత ప్రాంతీయ సభ కోసం 2002 దాకా ఆగింది. చాగోస్ దీవుల గతి ఇంకా ఘోరం. ఎన్నికలకు రెండేళ్ల ముందే, 1965 నవంబరులో, బ్రిటన్ ఆ దీవులను మారిషస్ నుంచి కోసేసుకుంది. తర్వాత సైనిక స్థావరం కోసం అక్కడివారందరినీ ఓడలెక్కించి పంపేసింది. ఉంటారా, పోతారా అని వాళ్లను ఒక్కమాట అడిగినవారు లేరు. ఆ విభజన చట్టబద్ధం కాదని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో అభిప్రాయం చెప్పేనాటికి ఒక తరం వెళ్లిపోయింది.

మన దగ్గర కొల్లేరు సరస్సులోని లంకలవారికి రోడ్రిగ్స్‌కున్న ఆ రెండు సీట్లపాటి బలం కూడా లేదు. సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లు కైకలూరు, దెందులూరు, ఉంగుటూరు, ఉండి నియోజకవర్గాల మధ్య చీలిపోయాయి. ఆ నియోజకవర్గాల్లోని మిగతా ఓటరుకు కొల్లేరు పది సమస్యల్లో ఒకటి. గుమ్మం ముందు తాటిదోనె కట్టుకుని బతికే లంకవాసికి అదే బతుకు. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యమన్నారు. 2006లో పొక్లెయిన్లు తెచ్చి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. మారిషస్ ఓటరుకు కనీసం ఎంచుకోవడానికి రెండు దారులున్నాయి. అన్ని పార్టీలూ ఒకే మాట అన్నాక లంకవాసి ఓటుకు మిగిలిన అర్థమేమిటి?

లంకలవారిని విడిగా అడగాలంటే, ఊరూరినీ అడుగుతూ కూర్చుంటే పని సాగదని, బుడమేరు, తమ్మిలేరు వరదను పట్టి ఉప్పుటేరుకు వదిలే సరస్సు ఒక్క లంకవాసులదే కాదని అంటారు. నిజమే. వరద వస్తే మునిగేది ఏలూరు కూడా. అయితే అడగడమంటే వీటో చేతికివ్వడం కాదు. గ్రామసభలో లీజుదార్ల గొంతే వినిపిస్తుందన్న భయానికి మాత్రం ఆధారముంది. అందుకే చెరువు లీజుకిచ్చి కూలికి పోతున్నవారిని, వల తప్ప మరో ఆధారం లేనివారిని వేరుగా కూర్చోబెట్టి వినాలి. కాంటూరు మారుస్తూ మరో కాగితం తయారయ్యే ముందు అధికారులు ఆ లంకల మీదికే వెళ్లి, నీరు ఎంతవరకు వస్తే ఎవరి ఇల్లు మునుగుతుందో, ఏ గట్టు తెగితే ఎవరి చెరువు పోతుందో వాళ్ల నోటే చెప్పించుకుని రాసుకోవాలి.