రంగుల పరీక్షకు మూగజీవులేనా?

షోలాపురము మొదలు సేలము వరకు నూలుకు రంగు వేయు మన సోదరులు, తొట్టిలో చేయి పెట్టుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనవలసియున్నది. ఈ రంగు మనిషి ఒంటికి హాని చేయునో లేదో మొదట ఎవరిపై చూచిరి? ఎలుకపైనా, కుందేలుపైనా, మనపైనా?

మనిషిపైననే చూచినట్లు చరిత్ర చెప్పుచున్నది. 1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు లుడ్విగ్ రేన్, ఫుక్సిన్ రంగు తయారుచేయు పనివారిలో మూత్రకోశపు కాన్సరును గుర్తించెను. రంగుల పరిశ్రమలో వాడు బీటా నాఫ్తిలమీను కుక్కలకు ఆ వ్యాధినే కలిగించునని హ్యూపర్ మొదలగువారు చూపినది 1938లో. నడుమ 43 ఏండ్లు గడచినవి. కుక్కలకంటె ముందు సాక్ష్యమిచ్చినది రోగపడిన పనివారే.

కనుక పరీక్షలే వద్దనుట మనకు తగదు. అయితే ఎట్టి పరీక్షలు? 1927లో ట్రెవాన్ చెప్పిన పద్ధతిలో, సగము జంతువులు చచ్చునంతటి మోతాదు ఎంతయో లెక్కించుచుండిరి. 1944 నాటి డ్రైజ్ పద్ధతిలో కుందేళ్ల కంటిలో రసాయనము వేయుచుండిరి. 1959లో రస్సెల్, బర్చ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు మూడు సూత్రములు చెప్పిరి: వీలైనచోట జంతువునకు బదులు వేరు సాధనము వాడుట, సంఖ్య తగ్గించుట, బాధ తగ్గించుట.

నేడు సాధనములు కలవు. 1970లలో ఏమ్స్ కనిపెట్టిన పరీక్షలో సూక్ష్మజీవులే చాలును. రెండు మూడు దినములలో ఫలితము తెలియును. ఆజో రంగులకు దానిని కొంత మార్చి వాడుదురు. చర్మపు మంటను చూచుటకు మానవకణములతో పెంచిన చర్మము కలదు. మన దేశములో సౌందర్యసాధనములకు జంతుపరీక్షలు 2014లో నిషేధింపబడినవి. వస్త్రముల రంగులకు ఆ నిషేధము వర్తింపదు. కాన్సరు వంటి దీర్ఘవ్యాధుల విషయములో పూర్తి బదులు ఇంకను రాలేదన్నదియు నిజమే.

పట్టుపురుగులను ఉడికించు వృత్తివారికి కుందేలుపై జాలియేల అని కొందరు పరిహసింపవచ్చును. ఆ విషయమును గూర్చియు ఆలోచింపవలసినదే. కాని ఒక హింస ఉన్నదని మరియొకటి ఒప్పు కానేరదు.

అన్నిటికంటె పెద్ద అన్యాయము వేరొకటి కలదు. ప్రాణులు బాధపడి ఇచ్చిన జ్ఞానమును మనము వాడకుండుట! బెంజిడీను రంగులు 1993లోను, మరికొన్ని ఆజో రంగులు 1997లోను మన ప్రభుత్వము నిషేధించినది. వాటిని మరల పరీక్షింప ఏ ఎలుకను చంపనక్కరలేదు. వాడుక మానిన చాలును. అయినను పేరులేని పొట్లములలో చవుకగా దొరకు రంగును, అందేమున్నదో అడుగకయే కొని, ఒట్టి చేతులతో కలుపుచున్నాము. అనగా పరీక్ష మన ఒంటిమీదనే జరుగుచున్నది.

కావున ప్రతి సంఘమును ఉమ్మడిగా రంగులు కొనవలెను. రంగు పేరు, కలర్ ఇండెక్స్ సంఖ్య, పరీక్షాపత్రము లేనిదే సరకు తీసికొనరాదు. జంతువులు లేని పద్ధతితో పరీక్షించిన సరకు దొరకినచో దానికే మొదటి స్థానమీయవలెను. అద్దకపువారికి రబ్బరు చేతితొడుగులు సంఘమే ఇప్పించవలెను. మూగజీవి నోరెత్తి అడుగలేదు; మనమైతే అడుగగలము.