తేనె లేని పువ్వు

తెలుగు పాఠం చెప్పేవాడికి తుమ్మెదతో రోజూ పనే. కావ్యాల్లో అది తేనె తాగుతుంది, ఝంకారం చేస్తుంది, విరహిణుల ప్రాణం తోడేస్తుంది. "తేనె లేని పువ్వు మీద తుమ్మెద వాలుతుందా, మేష్టారూ?" అని మొన్న క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. వాలుతుంది. మన సికిందరాబాదులోనే చూడవచ్చు.

మౌలాలి, తిరుమలగిరి వైపు రాళ్ల సందుల్లో, ఇంకా ఇల్లు లేవని జాగాల్లో తంగేడు పొదలుంటాయి. బతుకమ్మలో పేర్చే పువ్వే. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమయింది. ఆ పసుపుపచ్చని పువ్వులో చుక్క తేనె లేదు. ఉన్నదల్లా పుప్పొడి. అదైనా మందారంలోలాగా పైకి కనబడదు. కేసరాల కొసనున్న తిత్తుల్లో దాగి ఉంటుంది. తిత్తి చివర ఉన్న చిన్న రంధ్రమే దానికి దారి. పౌడరు డబ్బాలాగా కుదిపితే తప్ప రాలదు.

ఆ కుదపడం తేనెటీగకు చేతకాదు. కొయ్యను తొలిచే పెద్ద నల్ల తుమ్మెదకు తెలుసు. పువ్వును కాళ్లతో బిగించి పట్టి, రెక్కలాడించకుండానే వాటి కండరాలను వణికిస్తుంది. జుమ్మని మోత, జలజలా పుప్పొడి! మ్రోగే శ్రుతిదండాన్ని ఆనించినా ఇలాంటి పువ్వులు పుప్పొడి రాలుస్తాయి. కనుక కవులు పాట అనుకున్నదానిలో కొంత ఒట్టి చాకిరీ.

పొట్టి కేసరాల పొడిని తుమ్మెద పిల్లల తిండికి మూటగట్టుకుంటుంది. పొడుగు కేసరాల పొడి దాని ఒంటికంటి మరో పువ్వుకు చేరుతుంది. అప్పుడే కాయ. పలకలాంటి ఆ కాయలో డజను గింజలకు పైనే ఉంటాయి. గింజ పెంకు మహా గట్టిది. నీరు తొందరగా లోపలికి పోదు. ఒక్క వానకే అన్నీ మొలవవు. ఈ ఏడు వాన మొగం చాటేసినా, వచ్చే ఏటికి కొన్ని మిగులుతాయి.

మా వీధి చివరి జాగాను నిరుడు చదును చేశారు. పొదలతోపాటు ఎండు మోడులూ పోయాయి. తుమ్మెద గూడు కట్టేది ఆ మోడుల్లోనే! బతుకమ్మకు మా ఆవిడ తంగేడు బజారులో కొనవలసి వచ్చింది.

కోసుకునే అమ్మలక్కలకు ఒక్క మనవి. పొదకు నాలుగు కొమ్మలైనా పూలతో విడిచిపెట్టండి. పెరట్లో ఎండిన మోడుంటే పొయ్యిలోకి పంపకండి. కాయ కట్టి గింజ రాలితేనే మన మనుమరాళ్లు కోసుకోవడానికి గుట్ట మీద పువ్వుంటుంది.